అరకేజీ రాయి, ఎల్పీ టెన్: రెండు నెలల ట్రయల్ డైరీ

జూన్ 8

పెట్టె వచ్చేసింది. కాకినాడ నుంచి అంబాజీపేట దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకునే తెచ్చేను, పక్క సీటాయన ఏంటండీ కెమెరానా అనడిగితే ఆయ్ అలాంటిదేనండి అనేసి కిటికీలోంచి కొబ్బరి చెట్లు చూస్తూ కూర్చున్నా. స్టయర్ ఎల్పీ టెన్, ఆస్ట్రియా సరుకు, పది మీటర్ల మ్యాచ్ ఎయిర్ పిస్టల్. అమ్మే అన్న పాత షూటరు, భుజం నెప్పితో మానేసేడు. బేరం ఏంటంటే రెండు నెలలు నా దగ్గర ఉంచుకోవాలి, టార్గెట్లు కొట్టుకోవాలి, నచ్చితే లక్షా పది వేలు, నచ్చకపోతే తుడిచి తిరిగి ఇచ్చేయాలి. ఈ రోజుల్లో ఇంత నమ్మకంగా ఎవరిస్తారండి. అందుకే ఏ రోజుకారోజు రాసి పెట్టుకుంటున్నా, రేపు తిరిగిచ్చేటప్పుడు ఊరికే నచ్చలేదన్నా అంటే బావుండదు కదా.

మా బావ పెట్టె మూత తీసి చూసి పెదవి విరిచేడు. ఇంత డబ్బు పోసి గాలి తుపాకీ ఏంట్రా, యూట్యూబ్‌లో టకటకా పేలుతుంటాయి చూడు, అలాంటి సెమీ ఆటోమేటిక్ కొనుక్కోక అని. ఆ వీడియోల్లో కనపడేవి చాలామటుకు నైన్ ఎంఎం తూటావి, మన దేశంలో మామూలు జనానికి అది ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధం, డబ్బుంటే మాత్రం ఏం లాభం. పాయింట్ టూ టూ, అంటే అంతకన్నా చిన్న తూటాది అయితే దొరుకుతుంది గానీ దానికి ఆర్మ్స్ యాక్ట్ కింద లైసెన్సు ఉండాలి. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. దీని శక్తి ఐదారు జౌళ్ళు, అంతే. ఇదంతా చెప్పాక బావ అన్నది ఒక్కటే, అయితే దీంతో ఎలక కూడా చావదన్నమాట. చావదు బావా.

జూన్ 10

నేను కొట్టుకునేది బావ కొబ్బరి గోడౌన్లో. పగలంతా కాయ వలిచే జనం ఉంటారు కాబట్టి నాకు దొరికేది సాయంత్రం ఆరు దాటాకే. పొడుగు పద్నాలుగు మీటర్లు, సరిపోయింది. టార్గెట్ మధ్య నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తు, నిలబడే గీత నుంచి 10 మీటర్లు, టేపు పెట్టి రెండుసార్లు కొలిచేను. టార్గెట్ వెనకాల వాలుగా ఇనప రేకు పెట్టెలో పెట్టి, దాని వెనక పీచు బేళ్ళు పేర్చేం. పెల్లెట్, అంటే దీంట్లో వేసే చిన్న గుండు, సీసం కదా, రేకుకి తగిలి పెట్టెలోనే పడాలి, పీచులో పడితే ఆ పీచు మళ్ళీ ఎవరింటి పరుపులోకి పోతుందో. కొట్టడం అవ్వగానే చేతులు సబ్బుతో కడుక్కోవడం, పెట్టె ఊడ్చి సీసం డబ్బాలో వెయ్యడం, ఇది మాత్రం తప్పను.

తలుపు లోపల గొళ్ళెం, బయట ఎర్ర గుడ్డ. గొట్టంలో సేఫ్టీ తాడు కావాలి, ఖాళీగా ఉందని అందరికీ కనపడేలా. కొనేది దొరక్క గడ్డి కోసే మిషన్‌కి వేసే నారింజ రంగు నైలాన్ తీగ ముక్క కోసి దూర్చేను, బ్రహ్మాండంగా సరిపోయింది.

జూన్ 11

మొదటి 60 షాట్లు. షాటుకి పది లెక్కన ఆరొందలకి 531. మూడేళ్ళుగా వాడుతున్న నా పాత పిస్టల్‌తో సగటు 528. లక్షా పది వేలకి మూడు పాయింట్లు! ఇంట్లో చెప్పలేదు.

జూన్ 14

స్కోరు పక్కన పెట్టి వస్తువు చూడాలని కూర్చున్నా. ఇది గాలితో నడిచే పిస్టల్, గొట్టం కింద సిలిండర్, అందులో 200 బార్ ఒత్తిడి దాకా గాలి. పేల్చినప్పుడు లోపల చిన్న బరువొకటి ఎదురు కదిలి కుదుపుని మింగేస్తుంది, దాన్నే స్టెబిలైజర్ అంటారు. నా పాతదాంట్లో ఇది లేదు, అందుకే పెల్లెట్ వెళ్ళేటప్పుడు ముక్కు పైకి లేచేది. దీంట్లో షాట్ అయ్యాక కూడా ముందు సైటు, అంటే గురి చూసే మొన, వెనక సైటు గాడిలోనే కూర్చుని ఉంటుంది, అది చూస్తేనే నవ్వొచ్చింది. అబద్ధం ఎందుకు, ఆ ఒక్కదానికే డబ్బులు ఇచ్చేద్దాం అనిపించింది.

కానీ ఇక్కడో తిరకాసుంది. ముందు సైటు కదలకపోతే నా తప్పు నాకు స్పష్టంగా కనపడుతుంది. సైట్ల మధ్య దూరం టేపు పెట్టి చూస్తే 34 సెంటీమీటర్లు. ముందు సైటు గాడిలో 0.1 మిల్లీమీటరు పక్కకి జరిగితే పది మీటర్ల దగ్గర దాదాపు 3 మిల్లీమీటర్లు తేడా. పది రింగు అడ్డంగా 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. గీత తగిలితే చాలు పదే కాబట్టి పెల్లెట్ నడిమధ్య 8 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, అంటే సైట్ల దగ్గర మనకున్న చోటు పావు మిల్లీమీటరు చిల్లర. పాత పిస్టల్‌లో ఏ షాట్ పోయినా పిస్టల్ మీదకి తోసేసేవాడిని, ఇప్పుడు తొయ్యడానికి ఎవరూ లేరు.

జూన్ 15

ట్రిగ్గర్ రోజు. పది మీటర్ల పిస్టల్‌కి ట్రిగ్గర్ లాగడానికి పట్టే బరువు కనీసం 500 గ్రాములు ఉండాలి, తగ్గకూడదు. అన్న దీన్ని తన అలవాటుకి బరువుగా పెట్టుకున్నాడు, నాకు తేలిగ్గా అంచు మీద కావాలి. మ్యాచ్‌లో చెక్ చేసేది ఎలాగంటే పిస్టల్ గొట్టం ఆకాశం చూసేలా నిలబెట్టి, ట్రిగ్గర్‌కి బరువు తగిలించి, టేబుల్ మీద నుంచి నెమ్మదిగా లేపుతారు. బరువు లేచినా ట్రిగ్గర్ తెగకూడదు, అంటే పేలకూడదు. గాలి ఛార్జ్ అయ్యే ఉండాలి, మూడు ప్రయత్నాలు ఇస్తారు.

నా దగ్గర టెస్ట్ వెయిట్ లేదు. మా వీధి కిరాణా కొట్టులో అరకేజీ తూకం రాయి ఉంది కదా, ఓ గంటకి అడిగి తెచ్చేను. ట్రిగ్గర్ లాగితే రెండు అంచెలు, వాటినే స్టేజ్‌లంటారు. రాయికి దారం కట్టి కొక్కెం వేసి మొదటి స్టేజ్ 350 దగ్గర, రెండోది 150 దగ్గర సర్ది, రాయిని మోసేలా, ఇంకొంచెం అయితే తెగేలా తిప్పేను. మరలు చిన్నవి, పావు చుట్టు తిప్పితే చాలా తేడా వస్తుంది. రాత్రి పదకొండు అయ్యింది. రాయి లేచింది, ట్రిగ్గర్ ఆగింది. పెద్ద ఇంజనీర్ అయిపోయినట్టు ఫీలయ్యేను.

జూన్ 22

గ్రిప్. అసలు సంగతంతా ఇక్కడే ఉందని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. వాల్‌నట్ చెక్క, అన్న చెయ్యి పెద్దది, నాది మీడియం. బొటనవేలు కింద ఖాళీ, అరచెయ్యి మధ్యలో ఖాళీ, కాబట్టి ప్రతి సారీ పట్టు ఒక్కోలా పడుతోంది, కళ్ళు మూసుకుని చెయ్యెత్తి తెరిస్తే ముందు సైటు గాడికి ఎడమ పక్క ఆనుకుని ఉంటోంది. సరైన గ్రిప్ అయితే కళ్ళు తెరిచేసరికి మధ్యలో ఉండాలి.

వడ్రంగికి చూపిస్తే నవ్వి, ఇదేం చెక్కండి బాబూ ఇంత బాగుంది, దీని మీద ఉలి పెట్టమంటారా అన్నాడు. ఇంకా నాది కాలేదు కాబట్టి చెక్క తియ్యలేదు, కలిపేదే కలిపేం. ఎంసీల్ ముద్ద పిసికి, చెక్క మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి దాని మీద ముద్ద పెట్టి, నేను చెయ్యి తడి చేసుకుని పట్టుకుని పది నిమిషాలు గోడకేసి గురి పెట్టి నిలబడ్డా. మా బావ కూతురు వచ్చి మావయ్యా నువ్వు విగ్రహమా అంది. ఆరాక ఉప్పు కాగితంతో రుద్దుకోవడం. కావాలంటే రేపు ప్లాస్టిక్‌తో సహా ఊడదీసి ఇచ్చెయ్యొచ్చు.

రూల్ కూడా గుర్తు పెట్టుకోవాలి, గ్రిప్ చేతిని చుట్టేయకూడదు, మణికట్టుకి ఆసరా ఇవ్వకూడదు. ముద్ద ఎక్కువ పెట్టాలని ఆశ పుడుతుంది, ఆపుకోవాలి.

జూన్ 23

కళ్ళు మూసి తెరిచేను. మధ్యలో. మళ్ళీ మూసేను, మధ్యలో. 60 షాట్లు 541.

జులై 2

వాన పట్టుకుంది. గోడౌన్లో ఉక్క చెప్పనలవి కాదు, వాన కురిసినంత సేపూ ఒక రకం, ఆగాక ఇంకో రకం. గ్రిప్ చెమటతో జారుతోంది, పక్కన తువ్వాలు పెట్టుకుని ఐదు షాట్లకోసారి తుడుచుకుంటున్నా. గొట్టం మీద రాత్రికి రాత్రే చెమ్మ. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసేను, బయట పక్క గుడ్డతో తుడిచి పెట్టడం.

దీనికన్నా పెద్ద తలనొప్పి గాలి. నేను చేత్తో పంపు కొడతా. మన గాలిలో ఉన్న తేమంతా 200 బార్‌కి నొక్కితే నీళ్ళయిపోతుంది, ఆ నీళ్ళు సిలిండర్లోకి, ఒత్తిడి సర్దే రెగ్యులేటర్లోకి పోతే తుప్పు. పంపు కింద గాలి వదిలే మర తిప్పితే వేసవిలో పొడి గాలి వచ్చేది, ఇప్పుడు అరచేతిలో తుంపర పడుతోంది, చుక్కలు లెక్కపెట్టొచ్చు. కాబట్టి యాభై పోట్లకోసారి ఆపి, తేమ వదిలి, పంపు చల్లారాక మళ్ళీ. గాలి ఫిల్టర్లో సిలికా మార్చేను. సిలిండర్ నింపడానికి ఇదివరకు పావుగంట, ఇప్పుడు నలభై నిమిషాలు, అయ్యేసరికి చెయ్యి వణుకుతుంది కాబట్టి నింపిన రోజు కొట్టను. నింపాక కాసేపటికి ముల్లు కొంచెం దిగుతుంది, లీకనుకుని కంగారు పడ్డా గానీ అది వేడి గాలి చల్లారడమే.

సాయంత్రం బావ సలహా: ఆ రబ్బరు రింగులకి రెండు చుక్కలు కొబ్బరినూనె రాయకపోయావా, మన ఊళ్ళో దానికి కరువా. నాకు గుండె ఆగినంత పనైంది. ఒత్తిడి మీదున్న గాలిలో నూనె పడితే అంటుకునే ప్రమాదం ఉంది, డీజిల్ ఇంజన్లో ఆయిల్ ఎలా మండుతుందో అలాగే. ఓ-రింగులకి సిలికాన్ గ్రీజు ఒక్కటే, అదీ గోరంత. బావకి పంపు ముట్టుకోవద్దని వంద సార్లు చెప్పేను, నూనె డబ్బా కూడా గోడౌన్ అవతల గదికి మార్చేను.

జులై 6

పెల్లెట్లు. జర్మన్ ఆర్డబ్ల్యూఎస్ ఆర్ టెన్, 0.45 గ్రాములది, ఒక డబ్బా, చైనాది చవక డబ్బా ఇంకొకటి. బల్లకి వైస్ బిగించి, గొట్టం కింద గుడ్డ చుట్టి, ఒక్కో రకం పది పది కాల్చేను. రెండూ ఒకే కన్నంలోంచి వెళ్ళినట్టున్నాయి, గుండీ లోపలే. జర్మన్‌ది కొంచెం బిగువు, ఒప్పుకుంటా, కానీ నా చెయ్యి తిరిగే వెడల్పు ముందు ఆ తేడా ఏనుగు మీద ఈగ. ప్రాక్టీసుకి చవకది, మ్యాచ్‌కి మంచిది.

జులై 20

మ్యాచ్. ఎక్కడో ఎందుకు గానీ, నా పరువు పోయింది నా వల్లే. ఎక్విప్‌మెంట్ కంట్రోల్, అంటే సామాను తనిఖీ టేబుల్ దగ్గర వరుసలో నిలబడ్డా, ముందు పిస్టల్ కొలత, 420 బై 200 బై 50 మిల్లీమీటర్ల డబ్బాలో పట్టాలి, పట్టింది. బరువు కిలోన్నర లోపు, ఉంది. తర్వాత ట్రిగ్గర్. ఆయన పిస్టల్ నిలబెట్టి, బరువు తగిలించి, లేపేరు. టిక్. తెగింది. రెండోసారి. టిక్. మూడోసారి కూడా టిక్. ఆయన నా మొహం చూసి, బయటికెళ్ళి సర్దుకుని రండి టైముంది అన్నారు. వెనకాల వరుసలో పదిహేనేళ్ళ పిల్ల ఒకత్తె, నా వంక జాలిగా చూసింది, ఆ చూపు మర్చిపోలేకపోతున్నా.

వరండాలో కూర్చుని మర తిప్పుతుంటే చేతులు చల్లబడ్డాయి. ఇంట్లో పదిసార్లు చూసింది, రాయి మోసింది, ఇక్కడెందుకు తెగింది? 2021లో టోక్యోలో క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయిస్తే మనూ భాకర్ అంత పెద్ద స్టేజీ మీద ఎలా ఊపిరి పీల్చిందో, ఫైనల్ పోగొట్టుకుని మళ్ళీ 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు ఎలా తెచ్చిందో తల్చుకున్నా, నాది దాంట్లో వందో వంతు కూడా కాదులెండి. రెండోసారి పాసయ్యింది. కానీ ఎంత బరువు పెట్టేనో నాకే తెలీదు, పిచ్చిగా తిప్పేసేను. ఎలక్ట్రానిక్ టార్గెట్లు, 75 నిమిషాలు, 60 షాట్లు. మొదటి సిరీస్, అంటే మొదటి పది షాట్లు, 84. తర్వాత తేరుకుని మొత్తం 533.

జులై 22

అమలాపురం వెళ్ళి తెలిసిన బంగారం కొట్టులో ఆ తూకం రాయి డిజిటల్ కాటా మీద పెట్టించేను. 488 గ్రాములు. పెట్టి తీసి మళ్ళీ పెట్టేరు. 488. అరకేజీ రాయి అరకేజీ కాదన్నమాట, పన్నెండు గ్రాములు ఎప్పుడో అరిగిపోయాయో, అరగదీసేరో. నేను దానికి సరిగ్గా అంచున సెట్ చేస్తే నా ట్రిగ్గర్ 490 ప్రాంతం, 500 తగిలిస్తే తెగక ఏమవుద్ది.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పేను. నేను మ్యాచ్ సంగతి చెబుతుంటే ఆవిడ వినడంలేదు, వేళ్ళు మడుస్తోంది. మూడేళ్ళుగా ఆ కొట్టులోనే కదండీ పంచదార, కందిపప్పు, అంది.

జులై 24

లేత్ షాపులో ఇనప కడ్డీ ముక్క కోయించి, కొక్కెం వెల్డ్ చేయించి, మళ్ళీ బంగారం కొట్టులోనే తూకం వేయిస్తూ గీయించుకుంటూ 505 దగ్గర ఆపేం. ట్రిగ్గర్ దాన్ని మోసి ఇంకొంచెం బరువుకి తెగేలా పెట్టేను. కనీసం గీత మీద కూర్చోవాలన్న యావ పోయింది. ఈ 20 గ్రాములు ఎక్కువైతే స్కోరు పడిపోద్దని భయపడ్డా గానీ 544 వచ్చింది, ఎందుకంటే రెండో స్టేజ్ గోడ ఇప్పుడు వేలికి స్పష్టంగా తగుల్తోంది, ఇదివరకు మొదటి స్టేజ్ దాటి ఎక్కడ ఆగేనో తెలీకుండానే పేలిపోయేది.

ఆగస్టు 3

రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్ళేను, ఒక మిత్రుడి క్లబ్ రేంజ్‌లో పాయింట్ టూ టూ చూపిస్తానన్నాడు. బావ అడిగిన సెమీ ఆటోమేటిక్, కనీసం చేత్తో పట్టుకుని చూడాలి కదా. ఇటలీ పార్దిని ఎస్పీ, 25 మీటర్లు, మ్యాగజైన్‌లో ఐదు రౌండ్లు, మ్యాగజైన్ ట్రిగ్గర్‌కి ముందు ఉంటుంది, గొట్టం చేతికి చాలా కిందకి ఉంటుంది. ట్రిగ్గర్ ఇక్కడ కనీసం 1000 గ్రాములు, నా వేలికి మొదట ద్వారం తలుపు లాగినట్టుంది. కోచ్ పక్కనే నిలబడ్డారు, లైసెన్సు వాళ్ళదే.

పేలేటప్పుడు బోల్ట్ వెనక్కెళ్ళి వస్తుంది, ఖాళీ తూటా కేసు కుడి పక్కకి ఎగురుతుంది, కానీ గొట్టం అంత కిందకి ఉండటంవల్ల చెయ్యి పైకి లేవదు, వెనక్కి తోస్తుంది, సైటు దానంతటదే గాడిలోకి వచ్చి కూర్చుంటుంది. నిదానంగా కొట్టే ప్రిసిషన్ టార్గెట్‌లో పది రింగు 50 మిల్లీమీటర్లు, పది మీటర్ల గుండీ తర్వాత చూస్తే పళ్ళెంలా ఉంది, అయినా ఐదులో రెండే పదులు. తర్వాత రాపిడ్ పద్ధతి, టార్గెట్ 3 సెకన్లు కనపడుతుంది, 7 సెకన్లు పోతుంది, ఆ మూడు సెకన్లలో చెయ్యెత్తి ఒక్క షాట్. ఐదులో ఒకటి అసలు కొట్టలేకపోయేను, టైమైపోయింది. ఇంకో కంపెనీ బుల్లెట్లు వేస్తే ఒకటి లోపలికి ఎక్కక ఇరుక్కుంది, కోచ్ అన్నారు దీనికి ఏ బుల్లెట్ పడితే అది పడదు, ఇష్టమైనది వెతకాలి అని. ఎయిర్ పిస్టల్‌లో ఈ గొడవే లేదు.

నచ్చిందా అంటే బాగా నచ్చింది. కానీ ప్రాక్టీసంటే రేంజ్‌కి రావాలి, రైలెక్కాలి, బుల్లెట్ బుల్లెట్‌కీ డబ్బులు. నేను వారానికి నాలుగు రోజులు కొట్టేది బావ గోడౌన్లో. ఆ పోలిక అక్కడితో అయిపోయింది.

ఆగస్టు 8

గడువు. ఆఖరి ఐదు మ్యాచ్‌ల్లాంటి ప్రాక్టీసులు: 539, 546, 541, 548, 543. పాత పిస్టల్ తీసి అదే గ్రిప్ పాఠంతో, అదే ముద్దతో సర్ది ఒకటి కొట్టేను, 538. అంటే నాకు పెరిగిన పదిహేను పాయింట్లలో పది గ్రిప్‌వి, మిగతా ఐదే ఈ ఆస్ట్రియా దొరగారివి. ఇది తెలిసి కూడా కొంటున్నా, ఎందుకంటే పాతదాంట్లో ట్రిగ్గర్ ఇలా సర్దడానికి కుదరదు, తప్పు ఎవరిదో తేలదు.

అన్నకి ఫోన్ చేసేను. సిలిండర్ మీద తయారీ తేదీ చెక్కి ఉంది కదన్నా, పదేళ్ళు దాటితే మార్చాల్సిందే, దీనికి ఇంకా ఏడాదిన్నరే ఉంది అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ తేదీ చూసే వాడికి అమ్ముదామనే ఇన్నాళ్ళూ ఆగేను, చూడని వాడికిస్తే పేల్చేసుకుంటాడు, అన్నాడు. 98 వేలకి తేల్చేం.

ఆగస్టు 10

డబ్బులు పంపించేను. ఎంసీల్ ముద్ద కింది ప్లాస్టిక్ తీసేసి ఈసారి గట్టిగా అంటించుకుంటా, వడ్రంగిని ఆదివారం రమ్మన్నా, చిటికెనవేలు దగ్గర కొంచెం చెక్క తియ్యాలి.

ట్రిగ్గర్ ఒకసారి చూద్దామని కడ్డీ వెతికితే కనపడలేదు. బల్ల మీద లేదు, పెట్టెలో లేదు. మా ఆవిడ సరుకుల సంచిలో ఉంది. కొట్టాయన త్రాసులో ఆ అరకేజీ రాయి తీయించి, ఈ 505 పెడితేనే పంచదార తూయమంటోందట.